ఏప్రిల్‌లో రాసిన మనిషి

"ఇంతకుముందు ఈ పరీక్ష ఎప్పుడైనా రాశారా? ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ప్రతి ప్రయత్నాన్నీ పేర్కొనవలెను" అని ఉంది ఫారంలో. వెస్టా క్రమ్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఎన్నేళ్ల కిందటిదైనా సరే అన్న ముక్కను ఎవరో పనిగట్టుకుని తనకోసమే చేర్చినట్టు అనిపించింది.

నలభై ఆరో ఏట మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టే మనిషి సిగ్గుపడాల్సినవి ఎటూ బోలెడు ఉంటాయి. పక్క సీట్లో కూర్చోబోయే పిల్లలు తన అక్క పిల్లల ఈడువాళ్ళు. ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా రోగుల చేత ఊపిరి పీల్పించే పని చేస్తున్నా, ఊళ్ళో సగంమందికి తనింకా 'ఆ గొట్టాల అమ్మాయే'. ఇవి చాలవన్నట్టు ఇరవై రెండేళ్ల వయసులో బోల్తాపడిన ప్రవేశ పరీక్షను కూడా బయటికి తీసి దులపాలా?

"దులపాలా కెండ్రా?" అని అడిగింది.

కెండ్రా ప్రుయిట్ ఊళ్ళో ఉన్న బ్రాంచి కాలేజీలో ఇలాంటి దరఖాస్తులకు సలహాలు చెప్పే ఉద్యోగి. బల్ల మీద పెపరోనీ రోల్ సగం కొరికి పెట్టి ఉంది.

"ఎప్పుడు రాశారండీ?"

"తొంభై ఎనిమిది ఆగస్టు."

"నాకప్పుడు నాలుగేళ్లు."

"నేను అడిగానా?"

కెండ్రా నవ్వింది. "సరే, ఎంతొచ్చింది?"

"ఇరవై ఒకటి. అప్పట్లో నలభై అయిదుకి ఉండేది."

కెండ్రా మొహం పులిసిన పాలు తాగినట్టయింది. వెస్టా ఈ వసంతంలో మళ్ళీ రాసింది. కొత్త పద్ధతిలో అయిదు వందల ఇరవై ఎనిమిదికి అయిదు వందల మూడు వచ్చింది. అది మునగదు, తేలదు. గట్టు మీదున్నవాళ్ళు చెయ్యందిస్తే సరి, లేకపోతే లేదు.

"మూడేళ్లు దాటిన మార్కులు కాలేజీలు లెక్కలోకి తీసుకోవు. అయినా రాయమంటారు. రాస్తే చూస్తారు, చూస్తే మరిచిపోరు. ఇరవై ఒకటి చూశాక, ఈవిడకు అప్పుడూ రాలేదు ఇప్పుడూ రాదు అనుకుంటారు."

"రాయకపోతే?"

"అంత పాతవి వాళ్ళ కంప్యూటర్‌కి వాటంతటవి రావు. మీరు చెబితేనే తెలుస్తుంది. కానీ చివర్లో, పైవన్నీ నిజమని సంతకం పెట్టాలి."

"అంటే రాయమంటున్నావా, వద్దంటున్నావా?"

"నా ఉద్యోగం రాయమనే అంటుందండీ. నన్నడిగితే మాత్రం, ముందు పాత రికార్డుల వాళ్ళకు ఒక మెయిల్ పెట్టండి. వాళ్ళ దగ్గరే లేకపోతే గొడవ వదిలింది. శుక్రవారం అయిదింటికి గడువు, గుర్తుందిగా?"

గుర్తుంది. ఆ రోజు మంగళవారం. వెస్టా అక్కడే కూర్చుని తన పేరు, ఊరు, పుట్టినరోజు రాసి మెయిల్ పంపింది. లేదనే జవాబు రావాలని మనసులో కోరుకుంది.

బుధవారం పొద్దున్నే ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి డెల్మర్ కాచుకుని ఉన్నాడు. అదే వార్డులో నర్సు, యాభై దాటినవాడు. అతనికి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే.

"డాక్టరమ్మగారొచ్చారు, దారివ్వండి! ఏం తల్లీ, పాత పాపాలన్నీ ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోవాలో వద్దో తేలలేదు."

"నేనైతే ఒప్పుకోను. పెళ్లిచూపుల్లో పాత పెళ్లాల సంగతి ఎత్తేవాళ్ళుంటారా? నేను ఎత్తాను కాబట్టే మూడో పెళ్లి తప్పింది."

ఆమె నవ్వుకుంటూ కిటికీ పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ టాల్బర్ట్ మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై మూడేళ్లు, ఊపిరితిత్తులు గట్టిబడిపోయిన జబ్బు. గంట దూరంలో ఉన్న పట్నం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యి, కూతురింటికి మారి నెలయింది. వారానికి రెండుసార్లు వచ్చి మందు ఆవిరి పీల్చి వెళ్తాడు. వెస్టా గిన్నెలో మందు చుక్కలు పోసి, మూత తిప్పి, గొట్టం బిగించింది. ఆవిరి తెల్లగా లేచింది.

"పరీక్ష మళ్ళీ రాశావటగా," అన్నాడాయన, మాస్కు కొంచెం పక్కకు లాగి. "డెల్మర్ చెప్పాడు. పట్టుదలే! మూడోసారి కదూ?"

"రెండోసారి మాస్టారూ. మాస్కు పెట్టుకోండి."

"మూడోసారమ్మా. తొంభై ఎనిమిదిలోనే రెండుసార్లు రాశావు. ఆ హాల్లో కాపలా ఉన్నది నేనే. ఇక్కడ నీ జేబు మీద పేరు చూసిన రోజే గుర్తుపట్టాను. వెస్టా మే క్రమ్. మరిచిపోయే పేరా?"

వెస్టా ఆయన వీపు మీద స్టెతస్కోప్ ఆనించింది. కింది భాగంలో, చెప్పుల వెల్క్రో పట్టీ ఊడదీస్తున్నట్టు చరచరా శబ్దం. "గట్టిగా పీల్చండి. మీరు ఇంకెవరినో అనుకుంటున్నారు."

"ఏప్రిల్‌లో ముందు వరసలో కూర్చున్నావు. చేతులు ఎర్రగా, నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. అందరికన్నా ముందు రాసేసి, పెన్సిల్ కింద పెట్టి, గంట కొట్టేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నావు. ఆగస్టులో మళ్ళీ సంతకం పెడుతుంటే, 'ఏమ్మా, మళ్ళీ వచ్చావే' అన్నాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశావు."

ఆమె చెయ్యి వీపు మీదే ఆగిపోయింది. ఆ మాట ఆమెకు గుర్తుంది. ఆగస్టు ఎండలో ఆ జిమ్ హాలు, గుమ్మం దగ్గర బల్ల, కళ్ళజోడాయన 'మళ్ళీ వచ్చావే' అనడం, తను లోపలికి వెళ్ళి గంటసేపు ఆ మాటే పట్టుకుని తడబడటం, అన్నీ గుర్తున్నాయి. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కటే అర్థం కాలేదు," అన్నాడు మాస్టారు. "ఏప్రిల్‌లో నీకు తల నెరిసి ఉంది. ఆగస్టుకి నల్లబడింది."

ఆక్సిజన్ తగ్గితే ముసలివాళ్ళు ఇలాగే మాట్లాడతారు. వెస్టా ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించింది. తక్కువ చూపించాలని ఆమె నిజంగానే కోరుకుంది. తొంభై ఆరు. ఆయన మెదడుకు అందాల్సిన ఊపిరి చక్కగా అందుతోంది.

మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి ఫోన్ తీస్తే జవాబు వచ్చి ఉంది. వెస్టా మే క్రమ్ పేరిట రెండు రికార్డులు. ఆగస్టు పదిహేను, 1998: ఇరవై ఒకటి. దాని పైన, ఏప్రిల్ పద్దెనిమిది, 1998: ముప్ఫై మూడు.

ముప్ఫై మూడు! పెద్ద పెద్ద కాలేజీల్లో చేరేవాళ్ళ మార్కులవి. ఊరు తనది, ఇంటి నంబరు తనది, పుట్టినరోజు తనది. రాసిన మనిషి మాత్రం తను కాదు. ఏప్రిల్ పద్దెనిమిదిన ఏం చేశానా అని ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. శనివారం. బర్గర్ల కొట్లో పని ఉండే రోజు. వెళ్ళిందా? ఆ రోజుల్లో సరిగ్గా నిద్రపోయేది కాదు, అది నిజం. అయితే మాత్రం గంట దూరం బస్సులో వెళ్ళి, ఎనిమిది గంటలు కూర్చుని, ముప్ఫై మూడు తెచ్చుకుని, ఆ సంగతే మరిచిపోతారా ఎవరైనా? చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి సింకు మీది అద్దంలో చూసుకుంది. నెరిసిన తల. మాస్టారు ఏప్రిల్‌లో చూశానన్న తల ఇప్పటిదే. ఆమెకు ఉన్నట్టుండి భయమేసింది, అద్దం ముందునుంచి తప్పుకుంది.

గురువారం ఆ కాగితం చూసి కెండ్రా కుర్చీలోంచి లేచింది.

"ముప్ఫై మూడా? ఇంత దాచిపెట్టుకుని నన్ను ఏడిపిస్తున్నారా?"

"నేను రాయలేదే అది."

"మీ పేరు, మీ పుట్టినరోజు. ఇంకెవరు రాస్తారండీ? ఆ వయసులో ఒత్తిడి అలాంటిది. నేను కాలేజీ మొదటి సంవత్సరంలో ఒక నెలంతా ఏం చేశానో నాకే గుర్తులేదు." కెండ్రా కీబోర్డు ఆమె వైపు తిప్పింది. "దీంతో కథే మారిపోతుంది. ఇరవై ఒకటి ఒక చెడ్డరోజు కింద పోతుంది. ఈవిడకు తెలివి మొదటినుంచీ ఉందిరా, పరిస్థితులు కలిసిరాలేదు అనుకుంటారు. రాయండి!"

వెస్టా రాసింది. మూడు పక్కన మూడు. ఆ అంకెలు గడిలో చక్కగా ఇమిడాయి. అందొచ్చిన సీటు కళ్ళ ముందు కనిపించింది. తెల్లకోటు, దాని జేబు మీద పేరు, బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడై వచ్చే ముసలివాళ్ళు తనను పేరుపెట్టి పిలవడం. ఇన్నేళ్లూ ఎవరో డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారమే గొట్టాలు తిప్పింది. ఒక్కోసారి ఆ చీటీ తప్పని తెలిసీ తిప్పింది. ఇక ఆ అవసరం ఉండదు. ఆ ఆశ ఎంత గట్టిదంటే, ఒక నిమిషం పాటు ఏప్రిల్ హాలు కూడా గుర్తొచ్చినట్టే అనిపించింది. చల్లని కుర్చీ, ముందు వరస, ఎదురుగా గోడ. ఆ నిమిషం గడవగానే ఆమె తనను చూసి తానే బెదిరింది. లేని జ్ఞాపకాన్ని ఇంత తేలిగ్గా తయారుచేసుకోగలనని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడే పంపను," అంది. "పరీక్ష రోజు నింపిన అసలు కార్డు నకలు పంపమని రికార్డుల వాళ్ళనడిగాను."

"ఎందుకండీ, బంగారంలాంటిది దొరికితే గీటి చూడటం!" అని కెండ్రా విసుక్కుంది.

నకలు ఆ సాయంత్రం వచ్చింది. చిక్కుడుగింజలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. వెస్టా వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి, కార్డు బొమ్మను పెద్దది చేసింది. పెన్సిల్‌తో నల్లగా పూడ్చిన గళ్ళు. కింద కలిపిరాతలో, 'ఈ పరీక్ష రాస్తున్నది నేనేనని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం. దాని పక్కన బొటనవేలి ముద్ర.

ముద్రకు అడ్డంగా, ఒక మూలనుంచి ఇంకో మూలకు, తెల్లని గీత ఉంది. చారల్ని రెండు ముక్కలు చేసి, కలిసినచోట కొంచెం జరిగినట్టు అతికింది.

ఆ గీత ఆమెకు తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద గరుకుగా తగిలేది అదే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు నొక్కే మరలో పడి చీలిన బొటనవేలు. వాళ్ళమ్మది.

అమ్మను వాళ్ళ కొండలోయలో అందరూ అక్కా అన్నట్టు 'సిస్' అనే పిలిచేవాళ్ళు. సిస్ క్రమ్. చర్చిలో సిస్, లాండ్రీలో సిస్, సమాధిరాయి మీద కూడా సిస్. ఆవిడ అసలు పేరు జీతం చీటీల మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. తన పుట్టినరోజు నాడే పుట్టిన కూతురికి, ఆ కొండల్లో వాడుక ప్రకారం, తన పేరే తీసి పెట్టింది. వెస్టా మే క్రమ్. ఆ పేరు ఇద్దరిదన్న సంగతే వెస్టాకు తట్టలేదు. తట్టినా, లాండ్రీలో పనిచేసే నలభై ఆరేళ్ల అమ్మ ఆ పరీక్ష రాసిందని ఎవరనుకుంటారు? ఏళ్ల తరబడి వారానికి రెండు సాయంత్రాలు బ్రాంచి కాలేజీకి వెళ్ళి పాఠాలు వినేది, నిజమే. పట్టా కూడా తెచ్చుకుంది. "ఊరికే, పుస్తకాల దగ్గర కూర్చోడానికి" అనేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. వెస్టా కూడా నవ్వింది.

ఆ ఏడు వేసవిలో ఇదే బల్ల దగ్గర అమ్మ ప్రశ్నలడిగేది, తను జవాబులు చెప్పేది. పుస్తకం నిండా అప్పటికే పెన్సిల్ గీతలున్నాయి. ఎవరో వాడి అమ్మేసిన పుస్తకం అనుకుంది వెస్టా. తను తప్పు చెబితే అమ్మ పుస్తకంలోకి చూడకుండానే, "ఇంకోసారి ఆలోచించు తల్లీ" అనేది. చూడకుండానే. అది వెస్టాకు ఇప్పుడు తెలిసొచ్చింది. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. అందులో ఇన్నేళ్లూ కూర్చున్న మనిషెవరో తనకు తెలియదనిపించింది. పొయ్యి మీద గింజలు అడుగంటిన వాసన వచ్చాకే లేచింది.

శుక్రవారం భోజనం వేళ ఆసుపత్రి సామాన్ల గదిలో తలుపు వేసుకుని రికార్డుల విభాగానికి ఫోన్ చేసింది. జెనీన్ అనే ఆవిడ పలికింది. గొంతును బట్టి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి.

"ఆ ఏప్రిల్ కార్డు నాది కాదండీ. మా అమ్మది."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే పుట్టినరోజు. పుట్టిన సంవత్సరం ఒక్కటే వేరు. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మావాళ్ళెవరో అది తప్పనుకుని దిద్దేశారమ్మా. నేనైనా అదే చేసేదాన్ని. ఇద్దరు మనుషులుంటారని ఎవరనుకుంటారు?"

"ఇప్పుడు సరిచేస్తే ఏమవుతుంది?"

"మీ ఫైల్లోంచి తీసేస్తాను. వేరే ఫైలు తెరవాలంటే ఆవిడే అడగాలి."

"పోయి ఆరేళ్లయింది."

"అయ్యో. అయితే చెరిపెయ్యడమే ఉంటుందమ్మా. పోయినవాళ్ళ మార్కులు ఉంచుకోం. కార్డు కూడా చింపేస్తాం."

"సరిచేయకపోతే?"

"సరిచేయకపోతే మీవే. నా ముందున్న కాగితం మీవనే చెబుతోంది. నేను ఎవరినీ ఏమీ అడగను."

వెస్టా ఆక్సిజన్ సిలిండర్ల వరసకు ఆనుకుని నిలబడింది. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే తనకు సీటూ వస్తుంది, అమ్మ రాసిన ఆ అసలు కార్డు లోకంలో ఎక్కడో ఒకచోట మిగులుతుంది. ఉన్నమాట చెబితే రెండూ పోతాయి. అమ్మే ఉంటే ఉంచుకోమనేది. అందులో వెస్టాకు అనుమానమే లేదు.

"ఆవిడ ఎందుకు చేరలేదో మీకేమైనా కనిపిస్తోందా?" అని అడిగింది.

"మూడు కాలేజీలకు మార్కులు పంపమని జూన్‌లో అడిగారు. ఆ తర్వాత ఆపమని ఉత్తరం రాశారు. కారణం రాయలేదు. ఉత్తరం తేదీ అక్టోబరు పంతొమ్మిది."

అక్టోబరు పంతొమ్మిది సోమవారం. వెస్టాకు క్యాలెండర్ అక్కర్లేదు. పదిహేడు, శనివారం నాడు తన మార్కుల కవరు వచ్చింది. తను మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "పోనీ తల్లీ. ఆ పరీక్ష మనలాంటివాళ్ళ కోసం పెట్టింది కాదులే" అంది. ముప్ఫై మూడు సొరుగులో పెట్టుకుని అంది ఆ మాట.

తను ఆ మాట నమ్మింది. ఇరవై నాలుగేళ్లు నమ్మింది. దాన్ని ఓదార్పుగానే దాచుకుంది. కూతురు ఏడ్చిందని అమ్మ తన చదువు మానుకుంది, అమ్మ ఓదార్చిందని కూతురు తన చదువు మానుకుంది. వెస్టాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎవరడిగారమ్మా నిన్ను? ఆ ముప్ఫై మూడు తీసి నా మొహాన కొట్టి ఉంటే, ఏడుపు మానేసి మళ్ళీ కూర్చునేదాన్ని కదా! మనలాంటివాళ్ళకు వస్తుందని ఒక్క ముక్క చెప్పి ఉంటే! అప్పుడు దాచి, ఇప్పుడు ఇస్తావా?

"అమ్మా, ఉన్నారా?" అంది జెనీన్.

"ఉన్నాను. ఆ మార్కులు ఒక్కసారి చదువుతారా? విడివిడిగా."

జెనీన్ చదివింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి పదకొండు. పాఠాలు చదివి అర్థం చేసుకోవడంలో పది. బయాలజీ పన్నెండు. "బాగా రాశారమ్మా మీ అమ్మగారు," అంది. ఇరవై నాలుగేళ్లలో సిస్ క్రమ్‌కు ఆ మాట చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

"తీసెయ్యండి," అంది వెస్టా.

"ఒకసారి తీస్తే తిరిగి రాదు."

"ఆవిడవి ఆవిడవే. నావి నేను చెప్పుకుంటాను. తీసెయ్యండి."

కీబోర్డు చప్పుడు రెండుసార్లు వినిపించింది. "అయిపోయింది," అంది జెనీన్. "ఇప్పుడు మీ పేరున ఒక్కటే ఉంది. ఆగస్టుది."

నాలుగింటికి డ్యూటీ దిగి, నర్సుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. డెల్మర్ కాఫీ కప్పుతో వెనకాల నిలబడ్డాడు. ఆమె గడిలోని ముప్ఫై మూడు చెరిపి ఇరవై ఒకటి కొట్టింది.

"ఏం చేస్తున్నావే పిచ్చిదానా!" అని అరిచాడు.

"నావి రాస్తున్నాను."

"ఇరవై ఒకటి చూసి గేటు బయటే ఆపుతారు."

"ఆపితే వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. ఆ పై ఏడు కూడా రాస్తాను. మనలాంటివాళ్ళకు వస్తుంది డెల్మర్. నాకు తెలుసు."

డెల్మర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఆఖరి పేజీలో తల్లిదండ్రుల వివరాలు. తల్లి చదువు: డిగ్రీ. వృత్తి: ఆసుపత్రి లాండ్రీ. తల్లి పూర్తి పేరు అన్నచోట వెస్టా మే క్రమ్ అని కొట్టి, పంపు అన్న మీట నొక్కింది. పేజీ కదల్లేదు. పైన ఎర్రగా ఒక వాక్యం వచ్చింది. 'దరఖాస్తుదారు పేరు, తల్లి పేరు ఒకటే. పొరపాటున మీ పేరే రెండుసార్లు రాశారా?' దాని కింద రెండు గళ్ళు. అవును, కాదు.

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. వెస్టా ఆ వాక్యం ఒకసారి చదివింది. రెండోసారి చదవలేదు. కాదు అన్న గడి నొక్కి, ఇది మా ఇద్దరి పేరు అని పైకే అనుకుని, దరఖాస్తు పంపించింది.